నాన్నా, మనమూ విమానం కట్టుకుందామా?

పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేశాక కూడా ఒక అమ్మగారు కుర్చీలోంచి లేవలేదు. వాళ్ల అబ్బాయి తొమ్మిదో తరగతి. ఫిజిక్స్‌లో మార్కులు బాగానే వచ్చాయి, ఇంకేం అడుగుతారా అనుకున్నాను. ఆవిడ ఫోన్ తీసి ఒక వీడియో చూపించారు.

పొలాల మధ్య గడ్డి మైదానం. కొన్ని అల్యూమినియం గొట్టాలు, పైన రంగుల గుడ్డ కప్పిన రెక్క, వెనకాల ఒక చిన్న ఇంజన్. హెల్మెట్ పెట్టుకున్న తెల్లగడ్డం పెద్దాయన అందులో కూర్చున్నాడు. తలుపుల్లేవు, అద్దాల్లేవు, ఆయన బూట్ల కింద నేరుగా నేలే కనిపిస్తోంది. కాస్త దూరం పరుగెత్తిందో లేదో గాల్లోకి లేచింది.

"ఇది ఆయన తన షెడ్డులోనే కట్టుకున్నాడట సార్. లైసెన్స్ కూడా అక్కర్లేదట. మావాడు వాళ్ల నాన్న ప్రాణం తీస్తున్నాడు, మనమూ కట్టుకుందామని. పాత ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లి బైక్ ఇంజన్ బేరం కూడా చేసొచ్చాడు. వద్దంటే అన్నం మానేస్తాడు. ఇదంతా నిజమేనా? వాడికి ఏం చెప్పమంటారు?"

వెనక ఇంకా పదిమంది తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. "నిజమే అమ్మా, కానీ మన దగ్గర కాదు" అని పంపించేశాను. అది జవాబు కాదని నాకూ తెలుసు. ఈ నెల ఈ పేజీ నాకు అప్పగించారు కాబట్టి ఆవిడకు చెప్పాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి వీడియోలు చూసే పిల్లలు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు.

స్కూటరంత బరువు

ఆ వీడియోలోది అమెరికా. అక్కడ 1982లో పౌర విమానయాన శాఖ ఒక నిబంధన తెచ్చింది. దాని పేరు పార్ట్ 103. చాలా చిన్నది, రెండు మూడు పేజీల్లో అయిపోతుంది. దాని ప్రకారం ఇంజన్ ఉన్న అల్ట్రాలైట్ ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు, అంటే 115 కిలోల లోపు ఉండాలి. మన ఇంటి ముందు నిలబెట్టుకునే గేర్లెస్ స్కూటర్ బరువు కూడా ఇంచుమించు అంతే. ఒక్కటే సీటు. ట్యాంకులో 5 గ్యాలన్లకు, అంటే సుమారు 19 లీటర్లకు మించి పెట్రోలు పట్టకూడదు. ఎంత ఇంజన్ పెంచినా సమతలంగా ఎగిరేటప్పుడు గంటకు 102 కిలోమీటర్లు దాటకూడదు. ఇంజన్ ఆపేసినా గంటకు 44 కిలోమీటర్ల వేగం వరకు రెక్క దాన్ని మోయగలగాలి. సరదా కోసం తప్ప మరే పనికీ వాడకూడదు.

ఇవన్నీ ఉంటే దానికి రిజిస్ట్రేషన్ నంబరు అక్కర్లేదు. తనిఖీ చేసి ఎగరడానికి పనికొస్తుందని ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వనక్కర్లేదు. నడిపేవాళ్లకు లైసెన్స్ అక్కర్లేదు, మెడికల్ అక్కర్లేదు, చివరికి కనీస వయసు కూడా లేదు. చట్టం దాన్ని విమానం అని కూడా పిలవదు, "వాహనం" అంటుంది.

ఇక్కడే పిల్లలు పొరబడతారు, వాళ్లతో పాటు కొందరు పెద్దలూ పొరబడతారు. లైసెన్స్ అక్కర్లేదంటే తేలిక అని, ప్రమాదం లేదని అనుకుంటారు. నిబంధన చెప్పేది అది కాదు. ఆ అంకెలు మళ్లీ చూడండి. ఒకే సీటు కాబట్టి పోతే పోయేది ఒక్కడే. బరువు, వేగం, పెట్రోలు తక్కువ కాబట్టి కింద ఉన్నవాళ్లకు జరిగే నష్టం తక్కువ. ఊళ్ల మీదుగా, జనం గుమిగూడిన చోట ఎగరకూడదని కూడా రాశారు. పగలు మాత్రమే ఎగరాలి. పెద్ద విమానాశ్రయాల పరిధిలోకి అనుమతి లేకుండా పోకూడదు. గాల్లో మరే విమానం ఎదురైనా తప్పుకోవాల్సింది ఇదే. మొత్తం మీద ప్రభుత్వం "నీ ప్రాణం నీ ఇష్టం, పక్కవాడి జోలికి మాత్రం పోకు" అని గీత గీసింది.

అసలు ఈ నిబంధన ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. 1970ల్లో కొండల మీంచి దూకి హ్యాంగ్ గ్లైడర్లతో ఎగిరే సరదా అమెరికాలో బాగా పాకింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో కొండలు తక్కువ. అక్కడి జాన్ మూడీ అనే ఆయన 1975లో తన గ్లైడర్‌కు చిన్న గో-కార్ట్ ఇంజన్ ఒకటి తగిలించి, కాళ్లతో పరుగెత్తుకుంటూ చదునైన నేల మీంచే లేచాడు. మరుసటి ఏడాది ఓష్‌కోష్ విమానాల ఉత్సవంలో అందరి ముందూ ఎగిరి చూపించాడు. ఆ తర్వాత ఐదారేళ్లలో వేలమంది అదే పని చేశారు. ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టుకున్నారు. ప్రమాదాలూ అలాగే జరిగాయి. ఆ గందరగోళాన్ని సర్దడానికి పుట్టిందే పార్ట్ 103.

పక్కన మాస్టారు లేని మొదటి పాఠం

ఒకే సీటు అన్న షరతులో ఒక చిక్కుంది. మీ అబ్బాయిని అడిగి చూడండి, వాడికి తట్టిందో లేదో. ఒకే సీటుంటే నేర్పేవాళ్లు ఎక్కడ కూర్చుంటారు?

కారు నేర్చుకునేటప్పుడు పక్కన మాస్టారు ఉంటారు, ఆయన కాలి కింద కూడా బ్రేకు ఉంటుంది. ఈ వాహనంలో మొదటిసారి నేల వదిలిన క్షణం నుంచి మీరొక్కరే. ఆపి అడుగుదామంటే ఆగదు. అందుకే బుద్ధి ఉన్నవాళ్లు చట్టం అడగకపోయినా ముందు రెండు సీట్ల విమానంలో ఇన్‌స్ట్రక్టర్‌తో గంటల కొద్దీ నేర్చుకుంటారు. ఆ తర్వాతే సొంతదాన్ని ముట్టుకుంటారు. ముట్టుకున్నాక కూడా మొదట నేల మీదే అటూ ఇటూ నడుపుతారు. తర్వాత ఒక అడుగు ఎత్తు లేచి దించుతారు.

తేలికైన విమానం నడపడం తేలిక అనుకోకండి. బోయింగ్ 737-800 నిండా బరువెక్కితే 79 టన్నులు. దాని రెక్కల వైశాల్యం 125 చదరపు మీటర్లు. అంటే మన ఇంటి ద్వారం తలుపంత రెక్క ముక్క పన్నెండు వందల కిలోలు మోస్తోందన్నమాట. అల్ట్రాలైట్‌లో మనిషితో, పెట్రోలుతో కలిపి 210 కిలోలు అనుకోండి, రెక్క 14 చదరపు మీటర్లు అనుకోండి. అదే తలుపంత ముక్క మోసేది 30 కిలోలు. బోయింగ్ కదలనైనా కదలని గాలి విసురుకు ఇది ఎండుటాకులా ఊగుతుంది. అందుకే ఈ సరదా ఉన్నవాళ్లంతా తెల్లవారుజామున లేస్తారు. సూర్యుడు నేలను వేడెక్కించి గాలి పైకి పొంగడం మొదలుపెట్టకముందే ఎగిరి దిగిపోతారు. మళ్లీ సాయంత్రం గాలి పడ్డాక బయటికి తీస్తారు. మధ్యాహ్నం పూట బాగా అనుభవం ఉన్నవాళ్లు కూడా షెడ్డులో కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు.

చట్టంలోనే "చదువు" అని ఉంది

అమెరికాలో ఇంట్లో కట్టుకునే విమానాలన్నీ ఈ స్కూటర్ రకం కావు. రెండు సీట్లు, నాలుగు సీట్లు ఉన్నవీ, గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయేవీ ఉన్నాయి. వీటికి వేరే నిబంధన ఉంది. పెద్ద విమానాల్లాగే రిజిస్ట్రేషన్ ఉంటుంది, పైలట్ లైసెన్స్ కావాలి, ప్రభుత్వ ప్రతినిధి వచ్చి తనిఖీ చేయాలి.

ఉపాధ్యాయుడిగా నాకు బాగా నచ్చినది ఆ నిబంధనలోని ఒక మాట. విమానంలో ఎక్కువ భాగం తమ సొంత చదువు కోసమో, వినోదం కోసమో కట్టేవాళ్ల చేతుల మీదుగానే తయారై ఉండాలని అందులో ఉంది. జనం దీన్ని 51 శాతం రూల్ అంటారు. డబ్బిచ్చి ఎవరితోనో కట్టించుకుంటే చెల్లదు. కంపెనీవాళ్లు కిట్ అమ్మవచ్చు, కొంత పని చేసి కూడా ఇవ్వవచ్చు, కానీ సగానికి పైగా పని మీరే చేయాలి. చేసినట్టు ఫోటోలు, రోజువారీ లాగ్‌బుక్ చూపించాలి. మన పిల్లల ప్రాజెక్టు వర్కులకు కూడా ఇలాంటి రూల్ ఒకటుంటే బాగుండునని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. థర్మాకోల్ మోడల్ ఎవరు చేశారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

కట్టడం పూర్తయ్యాక అసలు పరీక్ష మొదలవుతుంది. మొదటి 25 లేదా 40 గంటలు నిర్ణయించిన ప్రాంతంలోనే, ప్రయాణికులు లేకుండా ఎగిరి చూడాలి. ఏ వేగంలో ఎలా ప్రవర్తిస్తోంది, ఎంత ఎత్తుకు ఎంతసేపట్లో ఎక్కుతోంది, ఇంజన్ ఎంత వేడెక్కుతోంది, అన్నీ రాసుకోవాలి. లోపల ప్రయాణికుడికి కనిపించేలా ఒక హెచ్చరిక అతికించాలి. ఇది ఔత్సాహికులు కట్టింది, మామూలు విమానాలకు వర్తించే భద్రతా ప్రమాణాలకు లోబడి లేదు అన్నది దాని సారాంశం. సొంత విమానంలో సొంత పిల్లల్ని ఎక్కించుకునే ముందు ఆ తండ్రి ఆ మాటలు స్వయంగా అతికించాలి.

వీళ్లందరికీ ఒక సంఘం ఉంది. పాల్ పోబెరెజ్నీ 1953లో విస్కాన్సిన్‌లోని మిల్వాకీలో మొదలుపెట్టిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అది. ఏటా జూలై చివర ఓష్‌కోష్‌లో జరిగే వాళ్ల ఉత్సవానికి ఇప్పుడు ఆరు లక్షలకు పైగా జనం వస్తున్నారు. ఆ వారం అక్కడికి దిగే విమానాలే దాదాపు పది వేలు.

ఇస్త్రీ పెట్టెతో రెక్క

కట్టడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను. పిల్లలకు వీడియోలో కనిపించేది చివరి రెండు నిమిషాలే.

కిట్ పెట్టెల్లో వస్తుంది. గొట్టాలు, రేకులు, బోల్టులు, కేబుళ్లు, ఒక లావుపాటి మాన్యువల్, డ్రాయింగులు. మొదటి వారం అంతా లెక్కపెట్టుకోవడమే. జాబితాలో ఉన్న ప్రతి బోల్టూ వచ్చిందా, సైజు సరిపోయిందా అని చూడాలి. గొట్టానికి రంధ్రం వేయాలంటే ముందు చిన్న డ్రిల్లుతో వేసి, తర్వాత అసలు సైజుకు పెంచుతారు. ఆపై రంధ్రం అంచున ఉన్న గరుకును నున్నగా గీకేయాలి. ఎందుకంటే ఆ గరుకు గీత దగ్గరే పగులు మొదలవుతుంది. ఇంజన్ అదురుకు ఆ పగులు రోజురోజుకూ పాకుతుంది. మిల్లీమీటరు పక్కకు పోయిన రంధ్రాన్ని సాగదీసి సరిచేయకూడదు. ఆ గొట్టం పక్కన పడేసి కొత్తది తెప్పించాల్సిందే. అంటే ఇంకో రెండు వారాలు ఆగాలి.

బోల్టులు మామూలు హార్డ్‌వేర్ షాపులో దొరికేవి కావు. విమానాల కోసం నిర్ణయించిన బలంతో, కొలతలతో తయారైనవి. బిగించడానికి కూడా లెక్కుంది, ఎంత బలంతో తిప్పాలో చూపించే ప్రత్యేకమైన స్పానర్ ఉంటుంది. తిరిగే చోట ఉన్న నట్టు అదురుకు ఊడిపోకుండా దాని గాడిలోంచి ఒక పిన్ను దూర్చి మెలిపెడతారు. ఎగిరే ముందు ప్రతిసారీ ఆ పిన్నులన్నీ చూసుకోవాలి. ఒక్క పిన్ను లేకపోతే ఆ రోజుకు ఎగరడం లేదు.

నాకు ముచ్చటేసే భాగం గుడ్డ కప్పడం. రెక్క అస్థిపంజరం తయారయ్యాక దాని మీద పాలిస్టర్ గుడ్డ పరిచి అంచులు జిగురుతో అంటిస్తారు. అప్పటికి అది వదులుగా, ముడతలతో ఉంటుంది. తర్వాత ఇస్త్రీ పెట్టె తీస్తారు. మన ఇళ్లలో ఉండే లాంటిదే, కాకపోతే దాని వేడిని థర్మామీటరుతో సరిచూసుకుని గుర్తులు పెట్టుకుంటారు. తక్కువ వేడితో మొదలుపెట్టి విడతలు విడతలుగా పెంచుతూ చివరికి 177 డిగ్రీల సెల్సియస్ దాకా తెస్తారు. పాలిస్టర్ వేడికి ముడుచుకుంటుంది కాబట్టి గుడ్డ డప్పులా బిగుస్తుంది, వేలితో కొడితే మోగుతుంది. ఇంకో పదిహేను ఇరవై డిగ్రీలు పెరిగితే పట్టు సడలిపోతుంది, చేసిందంతా వృథా. దాని మీద వెండి రంగు పూత వేస్తారు. అది అందం కోసం అనుకుంటారు చూసినవాళ్లు. అందులోని అల్యూమినియం పొడి ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. అది లేకపోతే ఎండకు గుడ్డ లోపల్లోపల పుచ్చిపోతుంది. పైకి చూస్తే మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది.

చిన్న అల్ట్రాలైట్‌కు కొన్ని వందల గంటలు పడుతుంది. పెద్ద విమానమైతే రెండు వేల గంటలు పట్టడం మామూలే. ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో కట్టేవాళ్లకు అది ఏళ్ల పని. సగంలో ఆగిన కిట్లు ఎప్పుడూ అమ్మకానికి కనిపిస్తూనే ఉంటాయి. మొదలుపెట్టినవాళ్లందరూ పూర్తి చేయరు, ఇదీ పిల్లలకు చెప్పాల్సిన నిజమే.

ఇంజన్ ఆగితే

మీలో చాలామంది పాత స్కూటర్లు నడిపి ఉంటారు. పెట్రోలు బంకులో "టూ టీ ఆయిల్ ఎంత?" అని అడిగి కలిపి పోయించుకున్న రోజులు గుర్తుండే ఉంటాయి. చాలా అల్ట్రాలైట్లలో ఉండేది ఆ జాతి ఇంజనే. బరువు తక్కువ, శక్తి ఎక్కువ, భాగాలు తక్కువ. పెట్రోల్లోనే 50 పాళ్లకు ఒక పాలు ఆయిల్ కలుపుతారు. కానీ చెప్పకుండా ఆగిపోవడం కూడా దాని గుణమే. ఈ రంగంలో పేరున్న రోటాక్స్ కంపెనీ టూ స్ట్రోక్ ఇంజన్ల మాన్యువల్లోనే, ఇది ఎప్పుడైనా ఉన్నట్టుండి ఆగిపోవచ్చు, దానికి సిద్ధంగా ఉన్న చోటే ఎగరండి అనే అర్థంలో హెచ్చరిక ఉంటుంది. స్కూటర్ ఆగితే పక్కకు తీసి, ప్లగ్గు తుడిచి, కిక్కు కొట్టేవాళ్లం. 150 మీటర్ల ఎత్తులో ఆగితే?

పిల్లలు అనుకున్నట్టు రాయిలా పడిపోదు. రెక్క ఉంది కదా, జారుతుంది. ఒక మీటరు దిగితే ఆరు మీటర్లు ముందుకు పోతుందనుకుంటే 150 మీటర్ల ఎత్తు నుంచి 900 మీటర్ల దూరం చేతిలో ఉంటుంది. గాలి ఎదురైతే ఇంకా తక్కువ. ఆ దూరంలో దిగడానికి చదునైన పొలం ఉండాలి. తీగలు, చెట్లు ఉండకూడదు. అందుకే పొలాల మీద ఎగిరేవాళ్లు అందాలు చూస్తున్నట్టే ఉంటారు కానీ మనసులో ఒక లెక్క ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. ఇప్పుడు ఆగితే ఆ పచ్చిక, ఇప్పుడు ఆగితే ఈ కోసేసిన చేను.

అసలు ప్రమాదం దానికి ముందు రెండు క్షణాల్లో ఉంది. బస్సు కిటికీలోంచి చెయ్యి చాపి (పిల్లలకు వద్దని చెప్పేదే మనం, ఊహించుకోండి చాలు) అరచేతిని కొంచెం పైకి వంచితే గాలి చేతిని పైకి తోస్తుంది. ఇంకా వంచితే ఇంకా తోస్తుంది. సుమారు 15 డిగ్రీలు దాటాక ఆ తోపు ఒక్కసారిగా పోతుంది. గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకోకుండా విడిపోయి సుడులు తిరుగుతుంది. దీన్నే స్టాల్ అంటారు. ఇంజన్ ఆగడానికీ దీనికీ సంబంధం లేదు, రెక్క మోయడం మానేయడమే స్టాల్. ఇంజన్ ఆగి నేల దగ్గరవుతుంటే ఎవరికైనా ముక్కు పైకి లాగాలనిపిస్తుంది. అది మనిషి స్వభావం. లాగితే కోణం పెరుగుతుంది, స్టాల్ అవుతుంది, అప్పుడు నిజంగానే రాయిలా పడుతుంది. చేయాల్సింది దానికి తలకిందులు. నేల వైపే ముక్కు దించి వేగం నిలుపుకోవాలి. తేలికైన, గాలి నిరోధం ఎక్కువున్న ఈ వాహనాల్లో వేగం చప్పున పడిపోతుంది, కాబట్టి ఆలోచించే వ్యవధి ఉండదు. భయం ఒకటి చెబుతుంటే చేతులు ఇంకోటి చేయాలి. అది వీడియో చూస్తే రాదు, పక్కన మాస్టారు కూర్చుని పదేపదే చేయించాలి.

నేల వదిలిన కొద్దిసేపటికే ఆగితే ఇంకో ఆశ పుడుతుంది, వెనక్కి తిరిగి రన్‌వే మీదే దిగుదామని. అంత తక్కువ ఎత్తులో ఆ మలుపు పూర్తి కాదు. ఎదురుగా ఏ పొలం ఉంటే అందులోనే దిగాలని మొదటి పాఠంలోనే నేర్పుతారు. విమానం విరిగినా మనిషి బతుకుతాడు. గంటకు 44 కిలోమీటర్లంటే ఏడెనిమిది మీటర్ల ఎత్తు నుంచి పడ్డప్పటి వేగం. పదో తరగతి పిల్లలు ఈ లెక్క చేసి చూడవచ్చు.

పారాచూట్ లేదా అని అడుగుతారు. ఉంది, మనిషికి కాదు, మొత్తం విమానానికే. 1975లో హ్యాంగ్ గ్లైడర్ గాల్లోనే విరిగి కింద పడి బతికి బయటపడ్డ బోరిస్ పోపోవ్ అనే ఆయన తర్వాత దీని మీదే కంపెనీ పెట్టాడు. పిడి లాగితే చిన్న రాకెట్ పారాచూట్‌ను బయటికి లాగుతుంది. మొత్తం యంత్రం మనిషితో సహా వేలాడుతూ దిగుతుంది. మంచిదే, ఈ పారాచూట్ బరువుకు నిబంధనలో మినహాయింపు కూడా ఉంది. కానీ అది విచ్చుకోవడానికి ఎత్తు కావాలి. చెట్ల ఎత్తులో జరిగిన పొరపాటుకు అది సమయానికి అందదు.

ఒక వాల్వు కథ

వేరేవాళ్లు కట్టింది కొనుక్కుంటే ఈ శ్రమంతా తప్పుతుంది కదా అనుకోవచ్చు. ప్రఖ్యాత అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ అలాగే కొన్నారు. లాంగ్-ఈజీ అనే రకం, బర్ట్ రుటాన్ అనే మేటి డిజైనర్ గీసింది. డ్రాయింగుల ప్రకారం ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు పెట్రోలు మార్చే వాల్వు పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. కట్టినాయన దాన్ని సీటు వెనక, పైలట్ ఎడమ భుజం దగ్గర పెట్టాడు. డెన్వర్ అనుభవం ఉన్న పైలటే. 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియా తీరంలో, ఆ విమానం చేతికొచ్చిన కొత్తలోనే, గాల్లో ట్యాంకు మార్చాల్సి వచ్చింది. వాల్వు తిప్పాలంటే ఒళ్లు పూర్తిగా వెనక్కి తిప్పాలి. విమానం అదుపు తప్పి సముద్రంలో పడింది, ఆయన చనిపోయారు. దర్యాప్తు సంస్థ ఆ వాల్వు ఉన్న చోటునూ, బయల్దేరే ముందు పెట్రోలు తక్కువగా ఉండటాన్నీ, ఆ విమానం ఆయనకు ఇంకా అలవాటు కాకపోవడాన్నీ కారణాల్లో చేర్చింది.

కట్టినవాడికి ఏ పిన్ను ఎక్కడుందో తెలుసు, ఏది ఎందుకు మార్చాడో తెలుసు. కొన్నవాడికి అవేమీ తెలియవు. అమెరికాలో కట్టినవాళ్లకు తమ విమానానికి ఏటా చేయాల్సిన తనిఖీ స్వయంగా చేసుకునే అర్హత ఇస్తారు. అదే విమానాన్ని కొన్నంత మాత్రాన ఆ అర్హత రాదు.

ఇంత చెప్పాక, మరి ఎందుకు ఎగురుతారు అంటే, అది కూడా దాచకుండా చెప్పాలి. 19 లీటర్ల పెట్రోలుతో గంటన్నర ఎగరవచ్చు. పొద్దున్నే మంచు విడవకముందు, వంద నూట యాభై మీటర్ల ఎత్తులో, సైకిల్ మీద పోతున్నట్టు మెల్లగా, ముఖానికి గాలి తగులుతుంటే, కోసిన గడ్డి వాసన కూడా పైదాకా వస్తుందంటారు. ఎక్కడికీ వెళ్లడం లేదు, ఏమీ సంపాదించడం లేదు. బయల్దేరిన చోటికే తిరిగి వస్తారు. మీ పిల్లవాడు ఆ వీడియోలో చూసింది ఆ సంతోషాన్నే. అది అబద్ధం కాదు. "పిచ్చి వేషాలు" అని కొట్టిపారేస్తే వాడికి కోపం రావడంలో తప్పు లేదు.

మన దగ్గర

మన దేశంలో పార్ట్ 103 లాంటి మినహాయింపు లేదు. చిన్న మైక్రోలైట్ అయినా డీజీసీఏ దగ్గర నమోదు కావాలి, నడిపేవాళ్లకు లైసెన్స్ ఉండాలి, అనుమతులు తెచ్చుకోవాలి. పాత బైక్ ఇంజన్‌తో ఇంట్లో కట్టి పొలంలో ఎగిరితే అది నేరం. అంతకంటే ముందు అది ప్రాణం మీదికి తెచ్చుకోవడం. బైక్ ఇంజన్ గాల్లో చేయాల్సిన పనికి తయారైంది కాదు. రోడ్డు మీద అది నిండు శక్తితో నడిచేది ఏ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో కాసేపే. విమానంలో పైకి ఎక్కినంతసేపూ నిండు శక్తితో నడవాలి. ఈ రెండో కారణం చెప్పండి. మొదటిది చెబితే పోలీసులకు తెలియకుండా చేస్తానంటాడు.

దారి లేదని కాదు. ముంబైలో అమోల్ యాదవ్ అనే ఎయిర్‌లైన్ పైలట్ తన అపార్ట్‌మెంట్ డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారు. 2016లో ముంబైలో జరిగిన మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో దాన్ని పెట్టారు. డీజీసీఏ రిజిస్ట్రేషన్ చేతికి వచ్చేసరికి 2017 అయింది. ఆయన కట్టడానికి పడ్డ కష్టం ఒకటైతే, కాగితాల కోసం పడ్డది ఇంకొకటి.

మన పిల్లలకు దగ్గర్లో ఉన్న తలుపు ఎన్‌సీసీ వైమానిక విభాగం. అందులో క్యాడెట్లకు మైక్రోలైట్ ఎక్కే అవకాశం ఉంటుంది, పక్కన వాయుసేన పైలట్ ఉంటారు. స్టూడెంట్ పైలట్ లైసెన్స్‌కు మన దేశంలో కనీస వయసు 16 ఏళ్లు, ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కు 17. ఎలాగూ ఇంకా రెండేళ్లు ఆగాలి. మీ అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో అమెరికాలో ఉంటే ఒక మాట చెప్పండి. ఇందాక చెప్పిన సంఘం 1992 నుంచి యంగ్ ఈగిల్స్ పేరుతో 8 నుంచి 17 ఏళ్ల పిల్లలను ఒక్క డాలరు కూడా తీసుకోకుండా చిన్న విమానంలో తిప్పుతోంది. ఇప్పటికి ఇరవై లక్షల మందికి పైగా ఎక్కారు. సెలవుల్లో వెళ్లే పిల్లలకు షాపింగ్ మాల్ కంటే అది బాగా గుర్తుంటుంది.

ఇంట్లోనే మొదలుపెట్టాలంటే బాల్సా చెక్క గ్లైడర్ చాలు. మీటరు రెక్క, ముక్కుకు కాస్త బంకమట్టి. మట్టి ఎక్కువైతే ముక్కు కిందకు పొడుస్తుంది, తక్కువైతే పైకి లేచి, ఆగి, కింద పడుతుంది. ఇందాక నేను రెండు పేరాలు రాసిన స్టాల్ అదే, కళ్ల ముందు కనిపిస్తుంది. విరిగినా పోయేది బాల్సా ముక్కే.

ఆ తొమ్మిదో తరగతి అబ్బాయిని తర్వాత వారం స్టాఫ్ రూముకు పిలిచాను. పైన రాసిందంతా చెప్పలేదు. "ఒకే సీటు కదా, నీకు ఎవరు నేర్పుతార్రా?" అని ఒక్కటే అడిగాను. ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత ఒక తెల్లకాగితం మీద రెండు సీట్లతో డ్రాయింగు గీసుకొచ్చాడు, బరువులు ఎక్కడెక్కడ పడతాయో రాసి మరీ. లెక్క తప్పింది, గురుత్వ కేంద్రం తోక దగ్గరికి పోయింది. బోర్డు మీద ఇద్దరం సరిచేశాం.

నిన్న వాళ్ల అమ్మగారి నుంచి మెసేజ్ వచ్చింది. ఇంజన్ బేరం మానేశాడట. గ్లైడర్ రెక్కకు వేడికి బిగుసుకునే ఫిల్మ్ అంటించాలని ఇస్త్రీ పెట్టె అడుగుతున్నాడట, ఇవ్వమంటారా అని. ఇవ్వండి అన్నాను. పక్కన కూర్చోండి అని కూడా అన్నాను.